చదరంగపు యంత్రము — ఏరి చూచు విద్య



చదరంగము మన దేశమున పుట్టిన ఆట. ఏడవ శతాబ్దమున బాణభట్టు తన హర్షచరితమున చతురంగమును పేర్కొనియున్నాడు. ఇచ్చటినుండి పారసీక దేశమునకును, అచ్చటినుండి అరబ్బులకును, వారివలన ఐరోపా ఖండమునకును ఈ యాట వ్యాపించినది. మన గ్రామములలో మధ్యాహ్నవేళ అరుగులమీద కూర్చుండి చదరంగమాడు పెద్దలను చూడనివారు అరుదు. ఆ యాటను నేడు యంత్రములును ఆడుచున్నవి. ఆడుటయే గాదు, మానవులలో నెంతటి నిపుణుడును వానిని గెలువజాలని దశకు అవి చేరినవి.

ఈ మాట మీలో ననేకులు వినియే యుందురు. అయితే యంత్రము ఆట నేర్చిన విధమెట్టిది, ఆ నేర్పునకై పండితులు పడిన తగవు ఎట్టిది అను చరిత్ర అంతగా ప్రచారమున లేదు. ఆ చరిత్రను నేను ఈ ప్రసంగమున మనవి చేయదలచినాను. ఆ తగవు అంతయు ఒక ప్రశ్నచుట్టును తిరిగినది. తీర్పు చెప్పవలసివచ్చినపుడు ఉన్న దారులన్నిటిని ఒక్కటియు విడువక పరీక్షించుట మేలా, లేక చూడదగినవానిని మాత్రము ఏరి, వానిని లోతుగా చూచుట మేలా? ఇది చదరంగపు ప్రశ్న మాత్రమే కాదనియు, గ్రామమున తగవులు తీర్చిన పెద్దలందరికిని అనుభవమున నున్న ప్రశ్నయే యనియు ముందుముందు మీకే తోచగలదు.

మొట్టమొదట ఈ యాటలోని లెక్క ఎంతటిదో తెలిసికొనవలెను. చదరంగపు గళ్ళు 64. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు రెట్టింపు చేయుచు పోయినచో మొత్తము ఎంతయగునను లెక్క మనవారికి క్రొత్త కాదు. పావులూరి మల్లన పేర బరగు గణితమున ఆ లెక్కయు కలదు. మొత్తము ఇరువది అంకెల సంఖ్య యగును. ఇది గళ్ళ లెక్క మాత్రమే. ఆటలోని ఎత్తుల లెక్క దీనికంటె మిక్కిలి పెద్దది. తెల్లబలము మొదటి ఎత్తును 20 విధముల వేయవచ్చును. నల్లబలము దానికి 20 విధముల బదులు చెప్పవచ్చును. అనగా ఇరుపక్షములును ఒక్కొక్క ఎత్తు వేయునప్పటికే 400 తీరులైనవి. ఆట నడుమ భాగమునకు వచ్చునప్పటికి ఒక్కొక్క ఎత్తునకు సుమారు 30 దారులుండును. అమెరికా దేశీయుడగు క్లాడ్ షానన్ అను గణితజ్ఞుడు ఈ లెక్కను సాగించి, సాధారణమైన ఆట నడువగల తీరులు ఒకటి ప్రక్కన 120 సున్నలు పెట్టినంత యుండునని అంచనా వేసెను. సెకండునకు పది లక్షల తీరులు చూడగల యంత్రమైనను, మొదటి ఎత్తును నిశ్చయించుటకే ఒకటి ప్రక్కన 90 సున్నలు పెట్టినన్ని సంవత్సరములకు మించి పట్టునని ఆయన వ్రాసెను. కావున అంతమువరకు అన్నిటిని చూచుట ఎవ్వరికిని సాధ్యము కాదు. ఎక్కడనో ఆగవలెను; లేదా దేనినో విడువవలెను.

షానన్ ఈ విషయమును 1949వ సంవత్సరము మార్చి నెలలో న్యూయార్కు నగరమున జరిగిన యొక సభలో ప్రసంగించి, 1950లో వ్యాసముగా ప్రకటించెను. దానిలో ఆయన రెండు మార్గములు చూపెను. మొదటి మార్గమున యంత్రము ప్రతి ఎత్తును, దాని ప్రతి బదులును, ఇట్లు కొన్ని ఎత్తుల లోతువరకు ఒక్కటియు విడువక చూచును. రెండవ మార్గమున బుద్ధికి తగినవిగా తోచు కొలది ఎత్తులను మాత్రమే ఏరి, వానిని ఎక్కువ లోతునకు చూచును. మొదటిది చెరువంతయు వల లాగుట వంటిది. రెండవది చేప యుండుచోటు నెఱిగి గాలము వేయుట వంటిది. షానన్ మొగ్గు రెండవదానివైపే యుండెను. అట్లుండుటకు కారణమును కలదు. హాలండు దేశస్థుడగు అడ్రియాన్ డి గ్రోట్ అను మనశ్శాస్త్రజ్ఞుడు నిపుణులైన ఆటగాండ్రు ఆలోచించు విధమును పరీక్షించి 1946లో ఒక గ్రంథము ప్రకటించెను. మహానిపుణుడు సామాన్యుని కంటె వేలకొలది ఎత్తులు హెచ్చుగా చూచునని లోకులు తలచుచుండిరి. అది నిజము కాదని తేలినది. నిపుణుడును కొలది ఎత్తులనే చూచును; కాని చూడదగిన ఎత్తులనే చూచును. తక్కినవి ఆతని కంటికే రావు.

ఇచ్చట నొక భేదమును స్పష్టపరుపవలసియున్నది. చూడక విడుచుటయందు రెండు రకములున్నవి. మీరు ఎడ్ల సంతకు పోయితిరనుకొనుడు. ఒక జతను చూచి, బేరము కుదిరినచో ఇది చాలునని మనసున నుంచుకొంటిరి. రెండవ జతవద్దకు పోగా దానిలో నొక ఎద్దు కుంటుచున్నది. ఇక దాని పండ్లు చూడ నక్కఱలేదు. సుడులు చూడ నక్కఱలేదు. నడిపించి చూడ నక్కఱలేదు. మొదటి జతకంటె ఇది తక్కువ యని తేలిపోయినది. ఎంత తక్కువ యన్నది మనకు అనవసరము. ఇట్లు విడుచుటవలన నష్టము లేశమును లేదు. యంత్రమునకు గూడ ఇట్టి ఉపాయమును నేర్పినారు. దానికి ఆల్ఫా–బీటా యని పేరు. ఒక ఎత్తునకు ఎదిరివానియొద్ద గట్టి బదులొకటి కనబడగానే, తక్కిన బదులులను చూడక ఆ ఎత్తును త్రోసివేయుట దీని సారము. ఫలితము అన్నిటిని చూచినట్లే వచ్చును. శ్రమ మాత్రము ఎంతో తగ్గును.

రెండవ రకము ఇట్టిది కాదు. సంతలోని జతలన్నిటిని దూరమునుండియే ఒక్కమారు కలయజూచి, “ఆ మూల నున్నవి పనికిరావు” అని దగ్గఱకు పోకయే మరలుట. దీనివలన ప్రొద్దు కలిసివచ్చును. కాని ఆ మూలనే శ్రేష్ఠమైన జత యుండినయెడల అది పోయినట్లే. పోయిన సంగతియు మనకు తెలియదు. ఏరి వెదకు మార్గమనగా ఇదియే. దాని బలమును, దాని భయమును రెండును ఇందులోనే యున్నవి.

ఈ మార్గమును మొదట గట్టిగా పట్టినవాడు ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన అలెక్స్ బెర్న్‌స్టీన్. ఆయనయు ఆయన మిత్రులును 1957 ప్రాంతమున ఐ.బి.ఎం. 704 అను పెద్ద యంత్రముపై చదరంగపు ప్రోగ్రామును వ్రాసిరి. ప్రోగ్రామనగా యంత్రము నడువవలసిన ఆజ్ఞల వరుస. వారి యంత్రము ప్రతి స్థితిలోను ఏడు ఎత్తులను మాత్రమే ఏరుకొని, నాలుగు ఎత్తుల లోతు చూచెడిది. ఏడును నాలుగుమారులు హెచ్చింపగా 2,401 స్థితులగును. ముప్పదిని అట్లే హెచ్చించినచో 8,10,000 అగును. శ్రమలో ఎంత ఆదాయమో చూడుడు! అట్లైనను ఒక్క ఎత్తునకు ఆ యంత్రము సుమారు 8 నిమిషములు తీసికొనెడిది. ఆటమాత్రము క్రొత్తగా నేర్చినవాని ఆటను మించలేదు. ఏడింటిలో చేరని ఎనిమిదవ ఎత్తే సరియైన ఎత్తైనచో దానికి గతి లేకుండెను.

ఈ లోపమును లోకమెల్ల చూచిన సందర్భ మొకటి 1966–67 సంవత్సరములలో వచ్చెను. అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున అలన్ కోటక్ మొదలగు విద్యార్థులు జాన్ మెకార్థీ అను ఆచార్యుని ప్రోత్సాహమున వ్రాసిన ప్రోగ్రాము ఒకవైపు. మాస్కో నగరమున ఒక భౌతికశాస్త్ర పరిశోధనాలయమువారు వ్రాసిన ప్రోగ్రాము మఱియొకవైపు. ఎత్తులను తంతివార్తలమూలమున పంపుకొనుచు నాలుగాటలు ఆడిరి. తొమ్మిది నెలలు పట్టెను. అమెరికావారిది ఏరి చూచు మార్గము. మాస్కోవారిది అన్నిటిని చూచు మార్గము. మాస్కోవారు రెండాటలు గెలిచిరి, రెండు సమమయ్యెను. ఏరుట యందు నేర్పు లేనివాడు ఏరుటకంటె, అన్నిటిని ఓపికతో చూచుటయే మేలని దీనివలన తోచినది.

ఆ కాలముననే అదే విద్యాలయమున రిచర్డు గ్రీన్‌బ్లాట్ అను యువకుడు 1967లో వ్రాసిన మాక్‌హాక్ అను ప్రోగ్రాము ఏరు సంఖ్యను పెంచి, మొదటి ఎత్తులయందు పదునైదు చొప్పున చూచుచు, మనుష్యుల పోటీలలో పాల్గొని కొన్ని ఆటలు గెలిచినది. ఏరువారి పక్షమునకు మరల ప్రాణము వచ్చినట్లయ్యెను. కాని 1973లో మఱియొక మలుపు తిరిగినది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున డేవిడ్ స్లేటు, లారీ అట్కిన్ అనువారి ప్రోగ్రాము అమెరికా పోటీలలో వరుసగా గెలుచుచుండెను. అదియు ఏరి చూచునదే. దానిని వ్రాసినవారే దాని యాటను నమ్మలేకపోయిరి. మంచి ఆట యాడుచు ఆడుచు, ఎవ్వరును చేయని తప్పొకటి హఠాత్తుగా చేసెడిది. కారణము వెదకగా, సరియైన ఎత్తు ఎంపికలోనే జారిపోయినదని తెలియవచ్చెడిది. విసిగి, వారు ఎంపికను పూర్తిగా తీసివేసి, అన్నిటిని చూచు పద్ధతితో ప్రోగ్రామును తిరిగి వ్రాసిరి. అది మునుపటికంటె బలముగా ఆడెను. అంతటితో లోకము తీర్పు చెప్పివేసినది: యంత్రమునకు వివేకము నేర్పుట వృథా, వేగము నిచ్చుటయే మార్గము.

అయితే ఆ తీర్పు ధనవంతుల తీర్పు. వేగముగల పెద్ద యంత్రములు విశ్వవిద్యాలయములకును ప్రభుత్వములకును పెద్ద సంస్థలకును మాత్రమే యుండెను. సరిగా ఆ దినములలోనే ఇంటిలో నుంచుకొనదగిన చిన్న కంప్యూటరులు పుట్టినవి. వాని బీదతన మెట్టిదో ఒక యుదాహరణ చెప్పెదను. కెనడా దేశమున టొరాంటో నగరవాసియగు పీటర్ జెన్నింగ్సు 1976లో కిమ్–1 అను చిన్న పలక యంత్రమునకు మైక్రోచెస్ అను ప్రోగ్రామును వ్రాసి 10 డాలర్లకు అమ్మెను. ఆ యంత్రపు జ్ఞాపకస్థానము సుమారు వేయి అక్షరములు పట్టునంత మాత్రమే. అనగా అచ్చుపుస్తకమున ఒక పుటకు మించదు. ఆ పుటలోనే పటము, బలములు, ఎత్తుల నియమములు, ఆలోచన అన్నియు ఇమిడిపోవలెను! ఆట బలహీనమే, అయినను లోకమున ఇండ్లలో చదరంగమాడిన తొలి యంత్రములలో అది యొకటి. 1978లో కాలిఫోర్నియాలో డాన్, కాథీ స్ప్రాక్లెన్ అను దంపతులు వ్రాసిన సార్గన్ అనునది చిన్న యంత్రముల తొలి పోటీలో గెలిచెను. ఆ దంపతులు తమ ప్రోగ్రామునంతయు పుస్తకముగా అచ్చువేయించి, కోరినవారెల్ల చదివి నేర్చుకొనునట్లు చేసిరి. విద్యను దాచని ఆ యౌదార్యము మెచ్చదగినది.

ఇట్టి చిన్న యంత్రము అన్నిటిని చూడబూనినచో నాలుగైదు ఎత్తుల లోతునకు పోవునప్పటికే ప్రొద్దు క్రుంకును. పెద్ద యంత్రముల మార్గము వీనికి సాగదు. చేర గింజలు గల ధనికుడు పొలమంతటను విత్తనము వెదజల్లవచ్చును. సోలెడు గింజలే గల రైతు తేమ నెఱిగి, గుంట చూచి నాటవలెను. కావున పెద్దవారు విడిచిన ఏరు విద్య పేదల యింట మరల పెరిగినది. దానిని పెంచినవారిలో ఇంగ్లండు దేశీయుడగు రిచర్డు లాంగ్ ముఖ్యుడు.

లాంగ్ వ్రాసిన సైరస్ అను ప్రోగ్రాము 1981లో లండనున జరిగిన ఐరోపా చిన్న యంత్రముల పోటీలో గెలిచెను. 1984లో సయాన్ సంస్థవారి పేర ఆయన చదరంగము ఇంటి కంప్యూటరులకు వచ్చెను. ఆ సంవత్సరమే గ్లాస్గో నగరమున జరిగిన ప్రపంచ పోటీలో నాలుగు యంత్రములు సమానముగా మొదటి స్థానమున నిలువగా, వానిలో నిదియొకటి. మరు సంవత్సరము ఆమ్‌స్టర్‌డామ్‌లో మెఫిస్టో అను జర్మను యంత్రమునం దమర్చిన ఆయన ప్రోగ్రాము గెలిచెను. అది మొదలు ఆ దశాబ్ది ముగియువరకు ఏటేట ఆ పోటీలలో ఆయనదే పైచేయి. చెస్ జీనియస్ అను పేర 1992 ప్రాంతమున అది సామాన్యుల యిండ్లలోని కంప్యూటరులకు వచ్చెను.

ఆయన పద్ధతి వివరములన్నియు గ్రంథముగా ప్రకటితము కాలేదు. కాని దాని పోకడ యంత్రము ఆడు తీరునుబట్టి లోకమునకు తెలిసినదే. మొదటి కొన్ని ఎత్తులవరకు అది ఒక్కటియు విడువక అన్నిటిని చూచును. ఆపైన, ఏరిన దారులను మాత్రము పట్టుకొని, మునుపటికి రెండు మూడింతల లోతువరకు పోవును. రాజును బెదరించు ఎత్తు, బలమును కొట్టు ఎత్తు, బంటు చివరి గడివైపు పరుగెత్తు ఎత్తు, ఇట్టివి ఫలము నిచ్చునవి గనుక ఇట్టి ప్రోగ్రాములు వానిని విడువవు; నిలుకడగా నున్నచోట కదలిక తేని ఎత్తులను విడిచివేయును. పాతవారు చేసిన తప్పు మొదటి మెట్టుననే ఏరుట. మొదటి మెట్టున జారినది ఇక దొరకదు. ముంగిట అందరిని రానిచ్చి, లోపలికి పోయినకొలది జల్లెడను సన్నము చేయుట ఈ క్రొత్త పద్ధతి. విత్తనములు బాగుచేయు ఇల్లాలును ఇట్లే గదా చేయును: మొదట పెద్ద కన్నుల జల్లెడ, పిమ్మట సన్నపుది, చివరకు చేటలో చేతితో ఏరుట.

ఇట్టి ప్రోగ్రాములు వ్రాయువారు ఎఱుగవలసిన మఱియొక సూక్ష్మము కలదు. తన మంచి ఎత్తొకటి జారిపోయినచో ఆటగానికి కొంత లాభము మాత్రమే తప్పును. రెండవ మంచి ఎత్తు వేసికొనవచ్చును. ఎదిరివాని మంచి బదులు జారిపోయినచో సర్వనాశనమగును. కావున తన ఆశలను త్రోసివేయుటలో ధైర్యమును, ఎదిరివాని యుపాయములను త్రోసివేయుటలో భయమును ఉండవలెను. రాజనీతియందు గూడ ఇంతకంటె మంచి మాట నాకు తోచుటలేదు.

ఈ విద్య పరాకాష్ఠనందిన దినము 1994 ఆగష్టు నెలలో లండను నగరమున వచ్చెను. ఇంటెల్ సంస్థవారి శీఘ్ర చదరంగపు పోటీ. ఒక్కొక్కరికి 25 నిమిషములు గడువు. నాటి జగజ్జెట్టి, రష్యా దేశీయుడగు గారీ కాస్పరోవ్ మొదటి వరుసలోనే జీనియస్‌ను ఎదుర్కొనెను. ఎదుట నున్నది మహాయంత్రము కాదు. అంగడిలో దొరకు పెంటియమ్ కంప్యూటరు. మొదటి ఆటలో కాస్పరోవ్ ఓడెను, రెండవది సమమయ్యెను. జగజ్జెట్టి పోటీనుండి తొలగవలసివచ్చెను. పిమ్మట ఆ యంత్రమే ప్రెడ్రాగ్ నికోలిచ్ అను మఱియొక మహానిపుణుని గూడ ఓడించెను. దాని జైత్రయాత్రను ఆపినవాడు ఎవరనుకొన్నారు? మన మద్రాసువాడగు విశ్వనాథన్ ఆనంద్! ఉపాంత్యమున ఆనంద్ దానిని ఓడించెను. మరుసటి సంవత్సరము జర్మనీలోని కొలోన్ నగరమున కాస్పరోవ్ గూడ దానిమీద పగ తీర్చుకొనెను. అయినను లండనున జరిగినదానిని ఎవ్వరును మరువలేదు. అన్నిటిని చూడజాలని చిన్న యంత్రము, ఏరి చూచు నేర్పుచేతనే మహావీరుని పడగొట్టగలిగెను.

ఆ కాలముననే ఏరుటకు ఇంకొక చక్కని యుపాయము ప్రచారమునకు వచ్చెను. దానిని శూన్యపు ఎత్తు అనవచ్చును. యంత్రము తనలో నిట్లనుకొనును: “నేను ఈసారి ఎత్తు వేయక ఊరకుందును. ఎదిరివాడు వరుసగా రెండుమారులు ఆడుకొనుగాక. అప్పటికిని నాకు ముప్పు రాకున్నచో, ఈ దారి నాకు అనుకూలమే; దీనిని లోతుగా చూచుట అనవసరము.” వాదప్రతివాదములలో ఎదిరికి మరియొక మారు మాటాడ నిచ్చినను మన వాదము నిలిచినయెడల ఇక సాక్షులను పిలువ నక్కఱలేదుగదా, అట్టిది. ఈ యుపాయమును వాడిన ఫ్రిట్జ్ అను ప్రోగ్రాము 1995లో హాంగ్‌కాంగు నగరమున ప్రపంచ పోటీలో గెలిచెను. ఇంటి కంప్యూటరుమీద నడచిన ఆ ఫ్రిట్జ్, ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ మహాయంత్రపు తొలిరూపమును గూడ ఆ పోటీలో ఓడించెను. ఈ యుపాయమునకు గూడ ఒక గ్రుడ్డితావు కలదు. ఊరక కూర్చుండుటయే మేలైయుండగా కదలక తప్పని స్థితులు చదరంగమున కొన్ని యుండును, కదలినచో చెడుదుము. అట్టిచోట ఊరకుందునను ఊహ మోసము చేయును. ప్రతి జల్లెడకును దాని కన్నము దానికి కలదు.

ధనికుల మార్గము గూడ ఊరకుండలేదు. 1997 మే నెలలో న్యూయార్కున డీప్ బ్లూ, సెకండునకు సుమారు 20 కోట్ల స్థితులు చూచుచు, కాస్పరోవును ఆరాటలలో మూడున్నర రెండున్నరగా ఓడించెను. ఇక వాదము ముగిసినదని పలువురు తలచిరి. వేగమే గెలిచినదనిరి. కాని చరిత్ర అచ్చట ఆగలేదు. 2017 డిసెంబరులో లండనులోని డీప్‌మైండు సంస్థవారు ఆల్ఫాజీరో అను యంత్రమును ప్రకటించిరి. తనతో తానే లక్షలకొలది ఆటలు ఆడుకొని, ఏది చూడదగినదో అది స్వయముగా నేర్చుకొన్న యంత్రమది. దాని ఎదుట నిలిచిన స్టాక్‌ఫిష్ సెకండునకు 7 కోట్ల స్థితులు చూచుచుండగా, ఇది 80,000 మాత్రమే చూచుచుండెను. అట్లుండియు వారు ప్రకటించిన నూరాటలలో 28 గెలిచి, తక్కిన 72 సమము చేసికొని, ఒక్కటియు ఓడలేదు. షానన్ 1949లో మొగ్గిన మార్గము దాదాపు డెబ్బది యేండ్లకు ఇట్లు ఫలించినది. స్టాక్‌ఫిష్ గూడ అన్నిటిని సమముగా చూచునది కాదు. తొలగించు జల్లెడలు దానియందు ఎన్నో కలవు. నేడు రెండు మార్గములును కలిసిపోయినవని చెప్పవచ్చును. వేగమున్నచోట గూడ వివేకము కావలసివచ్చినది.

ఈ యంత్రములవలన చదరంగము చెడిపోవునని కొందఱు భయపడిరి. అట్లు జరుగలేదు. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి, గుంటూరువాడగు పెంటేల హరికృష్ణ, వరంగల్లువాడగు ఎరిగైసి అర్జున్ లోకప్రసిద్ధులైరి. చెన్నపట్టణమున తెలుగు కుటుంబమున జన్మించిన గుకేశ్ 2024 డిసెంబరులో పదునెనిమిదేండ్ల వయసున ప్రపంచ విజేతయయ్యెను. నేటి తరము ఆటగాండ్రకు యంత్రము నిత్యసాధనమున గురువువలె నున్నది. పూర్వము మహానగరములలో మాత్రమే దొరకు శిక్షణ చిన్న పట్టణపు బాలునకును అందుబాటులోనికి వచ్చినది. ఇది మేలు.

కాని ఈ చరిత్రలో మనము గ్రహింపవలసిన హెచ్చరికయు నొకటి కలదని నాకు తోచుచున్నది. దానిని మనవి చేసి విరమింతును. ఏరి చూచు యంత్రములు ఇప్పుడు చదరంగమును దాటి వచ్చినవి. ఉద్యోగమునకు వచ్చిన దరఖాస్తులలో వేనిని అధికారి ముందుంచవలెనో, అప్పు అడిగిన రైతులలో ఎవరిని బ్యాంకువారు పిలువవలెనో, దినమున పుట్టిన వార్తలలో వేనిని మన కంటికి చూపవలెనో, అనేకస్థలముల యంత్రమే ఏరుచున్నది. చదరంగమున ఎంపిక తప్పినయెడల ఆట పోవును. ఓటమి కంటికి కనబడును. వ్రాసినవాడు మరునాడు దిద్దుకొనును. స్లేటు, అట్కిన్‌లు తమ యంత్రపు తప్పును పట్టగలిగినది అందుచేతనే గదా. లోకవ్యవహారమున అట్లు కాదు. జల్లెడలోనుండి జారిపోయిన దరఖాస్తు ఎవ్వరి బల్లమీదను కనబడదు. పిలువబడని రైతు తనను ఎవరు త్రోసివేసిరో ఎఱుగడు. త్రోసివేసినవారికిని ఆతని ముఖము తెలియదు. చూడక విడిచినదానికి నోరు లేదు.

పూర్వము గ్రామమున తగవు తీర్చు పెద్దలు గూడ అన్ని మాటలను వినజాలరు, ఏరియే వినుచుండిరి. కాని వారు మండువాలోనో చెట్టుక్రిందనో పదిమంది యెదుట కూర్చుండిరి. “నా సాక్షిని పిలువలేదు” అని ఒకడు లేచి చెప్పుటకు అవకాశముండెను. వెనుక నిలిచిన ముసలమ్మ ఒక మాట అన్నచో తీర్పు మారుటయు కలదు. ఏరుట తప్పు కాదు. ఏరక ఎవ్వరును బ్రదుకజాలరు. షానన్ వేసిన లెక్కయే దానికి సాక్షి. ఏరిన పిమ్మట, విడిచినదానిని తిరిగి పిలుచుటకు ఒక ద్వారము తెరచియుంచుట ధర్మము. రిచర్డు లాంగ్ తన యంత్రమునకు మొదటి మెట్లలో ఒక్కటియు విడువక చూడవలెనని నియమించినాడు. మనుష్యుల జీవితములను ఏరు యంత్రములకు అంతటి నియమమైనను ఉండవలెనని కోరుట అత్యాశ కాదు. మీ గ్రామములలో ఏ దరఖాస్తైనను కారణము తెలియక త్రోయబడినపుడు, “దీనిని ఎవరు చూచిరి? ఏ కారణమున విడిచిరి?” అని అడుగుడు. అడుగుట మీ హక్కు. చదువుకొన్న పెద్దలు అడిగినచో పిన్నలును అడుగుట నేర్తురు.

చదరంగమును లోకమున కిచ్చిన దేశము మనది. ఆ యాటనుండి లోకము నేర్చిన పాఠమును మనము గూడ నేర్చుకొందుముగాక.